బాబు ఆడుకోవడం మానేశాడు, ఏం చేయాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి ఒక అమ్మ):
మా బాబుకు 11 ఏళ్లు, ఆరో తరగతి. మేం వడ్డేపల్లి చెరువు దగ్గర ఉంటాం. మొన్నటిదాకా సాయంత్రమైతే సైకిలేసుకుని తిరిగేవాడు. జూన్‌లో ట్యూషన్ పెట్టించాం. ఇప్పుడు ఏడున్నరకు ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుంటాడు. ఏమడిగినా "ఏం లేదు" అంటాడు. ట్యూషన్ మాన్పిస్తే చదువులో వెనకబడతాడేమోనని భయం. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (కాజీపేట, రిటైర్డ్ టీచర్):
అమ్మా, 31 ఏళ్లు పిల్లలతోనే గడిపాను. ఆట చదువుకు అడ్డం కాదు. చిర్రగోనె ఆడే పిల్లల్ని చూడండి. వంతు ఎవరిది, ఔటా కాదా అని కొట్లాడుకుంటారు, పది నిమిషాల్లో మళ్లీ కలిసిపోతారు. ఓడిపోవడం, సర్దుకోవడం, తన వంతుకోసం ఆగడం అక్కడే వస్తాయి. మనం మధ్యలో దూరకూడదు, అంతే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు బాగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారంలో రెండు రోజులైనా ట్యూషన్ తగ్గించండి తల్లీ.

జవాబు (జమ్మికుంట, ఒక నాన్న):
ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మా పాప కూడా చెప్పదు అక్కా. రాత్రి పచ్చీసు పరిచి గవ్వలేస్తుంటే తనే మొదలుపెడుతుంది. బడిలో ఒకమ్మాయి ఏడిపిస్తోందని అట్లనే తెలిసింది.

అడిగిన అమ్మ:
నిన్న చాక్‌పీస్‌తో అష్టాచెమ్మా గీశాను. మూడాటలు ఆడాడు. నన్ను ఓడించాక, తన దోస్తు వేరే సెక్షన్‌కు మారాడని చెప్పాడు. ఆదివారం ఆ పిల్లాణ్ణి ఇంటికి పిలుస్తున్నాను.