నాన్న పనిముట్లు: ఏవి ఉంచుకోవాలి, ఏవి అమ్మాలి?

కోనసీమ టీచర్

నమస్కారం అండి. మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. నాన్న వడ్రంగి. ద్వారబంధాలు, తలుపులు, పందిరి మంచాలు చేసేవారు. వయసులో ఉన్నప్పుడు ఎడ్లబళ్ళు కూడా చేశారు. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచేతిలో పట్టు పోయింది. ఇప్పుడు అమ్మా నాన్నా నా దగ్గరే ఉంటున్నారు. ఊళ్ళో ఇల్లు అద్దెకి ఇస్తున్నాం కాబట్టి సంక్రాంతిలోగా వెనక పాక ఖాళీ చెయ్యాలి. ఆ పాక నిండా పనిముట్లే.

తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. "అక్కా, పాత ఇనుము అతన్ని పిలిచి ఇచ్చెయ్. మన ఇద్దరిలో రంపం పట్టేదెవరు?" అంటాడు. వాణ్ణి తప్పుపట్టను, వాడుండేది రెండు గదుల ఫ్లాట్. నాన్నని అడిగితే "నీ ఇష్టం అమ్మా" అంటారు, ఇంక మాట్లాడరు. పాత ఇనుము అతను వచ్చి చూసి కిలోకి ముప్పై రూపాయలు ఇస్తానన్నాడు. కాటా బయటికి తీసేసరికి నాకు ప్రాణం ఒప్పలేదు. తర్వాత కబురు చేస్తానని చెప్పి పంపేశాను.

ఉన్నవి ఇవి. గొడ్డలిలా వేసి కర్ర చెక్కే బాడిసలు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఉలులు ఇరవై పైనే, పావు అంగుళం నుంచి రెండంగుళాల దాకా. కొన్నింటి మీద "షెఫీల్డ్" అనీ "కాస్ట్ స్టీల్" అనీ ఇంగ్లీషులో ముద్ర ఉంది. కర్రని నున్నగా చేసే కొయ్య చిత్రికలు ఆరు, ఒకదాని అడుగు వంపుగా ఉంటుంది. ఇనుప చిత్రిక ఒకటి, స్టాన్లీ నంబర్ 5, మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని ఉంది. తాతయ్య కాకినాడలో కొన్నారట. ఇద్దరు చెరో వైపు పట్టి కోసే పెద్ద రంపం. చేతిరంపాలు మూడు, ఒకదాని పిడికి స్పియర్ అండ్ జాక్సన్ అని ఇత్తడి బిళ్ళ ఉంది. చిల్లులు పెట్టడానికి తాడు చుట్టి తిప్పే బరమా. మూలమట్టం, ఆకురాళ్ళు, సానరాళ్ళు, కావి అంటిన నూలుతాడు. చిన్నప్పుడు ఆ తాడు రెండో కొస పట్టుకునేది నేనే. "బిగించి పట్టు తల్లీ" అని నాన్న మధ్యలో లాగి వదిలితే దూలం మీద ఎర్రగీత పడేది. అది ఎవరికీ ఇవ్వను, దాని గురించి అడగట్లేదు.

మిగతావాటిలో విలువైనవి ఏవి? పని తెలిసినవాళ్ళ చేతికి చేరాలంటే ఎవరిని అడగాలి? ఉంచుకున్నవాటిని తుప్పు పట్టకుండా ఎలా దాచాలి? డబ్బు అక్కర్లేదని అనను. నాన్న ఫిజియోథెరపీకి నెలనెలా ఖర్చవుతోంది.

ఎర్రగడ్డ ఆదివారం

మేడమ్, ముద్ర ఉన్న వస్తువు ఏదీ దయచేసి తూకానికి ఇవ్వకండి. "కాస్ట్ స్టీల్" అని చూసి పోత ఇనుమనుకుని చాలామంది పక్కన పడేస్తారు. అది మూసలో, అంటే మట్టి ముంతలో, కరిగించి తీసిన ఉక్కు. 1740ల్లో షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు స్ప్రింగులకి మంచి ఉక్కు కావాలని ఈ పద్ధతి మీద కూర్చున్నాడు. తర్వాత ఆ ఊరి ఉలులకీ రంపాలకీ ఆ ముద్రే పేరు తెచ్చింది. (మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో అంతకంటే ముందు నుంచే మూసల్లో ఉక్కు తీసి దూరదేశాలకి పంపేవారు. ఉక్కు మాట వచ్చిన ప్రతిచోటా ఇది చెప్పకుండా ఉండలేను.)

ఇక చిత్రిక సంగతి. స్టాన్లీ అమెరికా కంపెనీ. 1930ల చివర్లో షెఫీల్డ్‌లో ఒక ఫ్యాక్టరీ కొన్నాక ఇంగ్లండ్ ముద్రతో చిత్రికలు తీసింది, కాబట్టి మీది ఆ తర్వాతది. నంబర్ 5 పద్నాలుగు అంగుళాల పొడవు, రెండంగుళాల బ్లేడు. లక్షణంగా పనిచేస్తుంది. చాలా ఎక్కువగా తయారైంది కాబట్టి అపురూపమైన వస్తువేమీ కాదు, కానీ అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ముందు అడుగు పలక తిప్పి, బ్లేడు బయటికి వచ్చే సందు పక్కన వెంట్రుకవాసి పగులుందేమో చూడండి. పోత ఇనుము కాబట్టి కింద పడితే ముందు అక్కడే పగులుతుంది. పగులుంటే ధర లేనట్టే. బ్లేడు మధ్య గాడి కింద ఇంకా ఎంత ఇనుము మిగిలిందో కూడా చూడండి. అలాంటిదే పగులు లేనిది నేను హైదరాబాద్ ఎర్రగడ్డలో ఆదివారం పాత సామాన్ల సంతలో 2,200కి కొన్నాను, బేరమాడాకే. ఇక్కడి ఇంకో పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌లో మీరు అమ్మబోతే అందులో సగమే ఇస్తామంటారు, వాళ్ళు మళ్ళీ అమ్ముకోవాలి కదా. వాడుకునేవాడికి నేరుగా అమ్మితేనే మీకు గిట్టుతుంది.

అమ్మేముందు తోమి మెరిపించకండి. గ్రైండర్‌కి వైరు బ్రష్ తగిలించి రుద్దితే ముద్ర అరిగిపోతుంది, ముద్రతో పాటే ధరా పోతుంది. గుడ్డతో దుమ్ము తుడిచి, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తియ్యండి. ముద్ర, అడుగు, బ్లేడు విడివిడిగా కనబడాలి.

పాతటేకు

అమ్మా, నేను తెనాలి వైపు అదే పని చేసి మానుకున్నవాణ్ణి. పైన బాబు చెప్పిన ధరలు నిజమే. అయితే సంతలో ఎక్కువ పలికేది వేరు, పనివాడికి ముఖ్యమైంది వేరు. స్టాన్లీ చిత్రిక ఈ రోజు అమ్మినా రేపు అలాంటిదే ఇంకోటి కొనుక్కోవచ్చు. మీ నాన్నగారి బాడిస అలా దొరకదు. మా వైపు బాడిస కమ్మరి చేత కొట్టించుకునేవాళ్ళం, ఎక్కువగా లారీ కమాను పట్టీతో. ఎంత వంపు కావాలో, ఎంత బరువుండాలో కొలిమి దగ్గర నిలబడి చెప్పాలి. కామ (కర్ర పిడి) మాత్రం మన చెయ్యి పొడవుని బట్టి మనమే చెక్కుకుంటాం. అందుకే ఒకరి బాడిస ఇంకొకరికి వెంటనే వాటం కుదరదు. బాడిసలు రెండూ ఇంట్లో ఉంచుకోండి.

కొయ్య చిత్రికలు సండ్రతోనో చింత చేవతోనో చేసి ఉంటారు. బ్లేడు వచ్చే సందు అరిగి వెడల్పైతే అక్కడ చిన్న చెక్కముక్క పొదుగుతాం. వాటిని తిప్పి చూడండి, పొదిగిన ముక్క కనబడితే అది ఆయన బాగా వాడిన చిత్రిక అన్నమాట. అడుగు వంపుగా ఉన్నది బండిచక్రానికి అయ్యుంటుంది. చక్రం చుట్టూ వచ్చే పూటీల లోపలి వంపు దానితోనే నున్నగా వస్తుంది. రబ్బరు టైర్ల బళ్ళు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. దాన్ని కొనేవాళ్ళు ఉండరు, అందుకే అది మీ దగ్గరే ఉండాలి.

పెద్ద ఉలులు వేరే సంగతి. మీ జిల్లాలోనే అంతర్వేది ఉంది. 2020 సెప్టెంబరులో అక్కడి స్వామివారి రథం కాలిపోతే, టేకుతో కొత్తది చేసి 2021 ఫిబ్రవరికల్లా సిద్ధం చేశారు. అంత లావు కర్రతో పనిచేసేవాళ్ళు ఇంకా ఉన్నారు తల్లీ. రథాలు, గుడి తలుపులు చేసే మేస్త్రీలెవరో మీ చుట్టుపక్కల దేవస్థానాల్లో అడిగితే చెప్తారు. అంగుళంన్నర, రెండంగుళాల ఉలులు వాళ్ళకి పనికొస్తాయి.

ఇంకొక్క మాట. "వీటిని ఏం చెయ్యమంటారు" అని అడిగితే ఏ తండ్రీ నోరు విప్పడు. ఒక్కో పనిముట్టూ ఆయన ఎడమచేతిలో పెట్టి "దీంతో ఏం చేసేవారు నాన్నా" అని అడగండి. అమ్మకం సంగతి ఆ తర్వాత.

కరీంనగర్ కార్పెంటర్

అక్కా, నేను ఇంటీరియర్ పని చేస్తాను. మా పనంతా ఇప్పుడు ప్లైవుడ్, ఎండీఎఫ్, లామినేట్. కటింగ్ మెషిన్, ట్రిమ్మర్, డ్రిల్ ఉంటే రోజు గడిచిపోతుంది. చేతిరంద (మీరు చిత్రిక అంటారే, అదే) తీసేది వానాకాలంలో తలుపు ఉబ్బి బిగుసుకున్నప్పుడే. ఉలి మాత్రం రోజూ కావాలి. కబ్జాలకి (తలుపు బందులకి) గాడి కొట్టాలన్నా, తాళం పెట్టె దింపాలన్నా ఉలే. కొత్త ఉలులు కొన్ని రెండు తలుపులు చేసేసరికే మొన పోగొట్టుకుంటాయి. మీరు చెప్పిన ఆ ముద్రల ఉలులు అరంగుళం, ముప్పావు, అంగుళం సైజుల్లో ఉంటే మాలాంటివాళ్ళు సంతోషంగా కొంటారు.

కుర్రవాళ్ళకి అన్నీ ఇచ్చేద్దామని మాత్రం అనుకోకండి. చేతివృత్తులవాళ్ళ కోసం 2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్రం వాళ్ళ పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకి 15,000 రూపాయల దాకా ఇస్తారు. మాకు తెలిసిన పిల్లలు ఆ డబ్బుతో మెషిన్లే తెచ్చుకున్నారు, వాళ్ళ పనికి అవే సరైనవి. బరమా ఇస్తే మూలన పెడతారు. పని నేర్చుకునే పిల్లవాడికి రెండు మంచి ఉలులు, ఒక సానరాయి ఇవ్వండి చాలు. పూర్తిగా ఊరికే కూడా ఇవ్వకండి. వంద రూపాయలైనా తీసుకోండి. డబ్బిచ్చి తెచ్చుకున్న ఉలికి వాడు సాన పడతాడు.

కోనసీమ టీచర్

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. మొన్న ఆదివారం నాన్నని వరండాలో కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చేతికి అందించాను. మాట ఇంకా పూర్తిగా తిరగలేదు, అయినా ఇన్ని నెలల్లో అంతసేపు మాట్లాడింది ఆ రోజే.

స్టాన్లీ చూపిస్తే "ఇది తాతది. నాకు బరువు. అమ్మెయ్" అన్నారు. నేను దాచుకోవాలనుకున్నది దాన్నే! పగులు లేదు, బ్లేడు గాడి కింద అంగుళం దాకా ఉంది. ముప్పావు అంగుళం ఉలి ఒకటి తీసుకుని బొటనవేలితో పదును చూసుకున్నారు. మా వీధి రామాలయం తలుపుల మీద పువ్వులన్నీ దానితోనే చెక్కారట. అది అమ్మం.

వంపు చిత్రిక పాతటేకు గారు చెప్పినట్టు చక్రానిదే. దాన్ని చేతిలో పెట్టగానే నాన్న చక్రం మొత్తం మాటల్లోనే కట్టేశారు. మధ్యలో కుంభం, దానిలోకి ఆకులు (చక్రం పుల్లలు) దిగ్గొట్టడం, ఒక్కో పూటీకి రెండేసి ఆకులు. ఇనుప కట్టు చక్రం కంటే కాస్త చిన్నదిగా చేయిస్తారట. పిడకల మంటలో ఎర్రగా కాల్చితే సాగుతుంది, పట్టకార్లతో నలుగురూ ఎత్తి చక్రానికి తొడిగి వెంటనే నీళ్ళు పోస్తారు. అది బిగుసుకునేటప్పుడు అతుకులన్నీ టకటకా మూసుకునే చప్పుడు వస్తుందట. "ఆ చప్పుడు రాకపోతే చక్రం బాగోనట్టు" అన్నారు. ఇదంతా ఫోన్‌లో ఉంది. తమ్ముడికి పంపాను. వాడు రాత్రి ఫోన్ చేసి మూలమట్టం తనకి కావాలన్నాడు.

బాడిస విషయంలో మాత్రం నాన్న పాతటేకు గారి మాట ఒప్పుకోలేదు. "కామదేముంది, ఎవడికి కావలసినట్టు వాడు చెక్కుకుంటాడు. ఇనుము మంచిది. గోడకి తగిలిస్తే తుప్పు తినేస్తుంది" అన్నారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న అతను ఇప్పుడు తాళ్ళరేవులో పడవల పని చేస్తున్నాడు. పెద్ద బాడిస అతనికి ఇమ్మన్నారు. ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్తానన్నాడు. చిన్నది మా ఇంట్లో ఉంటుంది.

దాచడం ఎలాగో, ఆ పెద్ద రంపం ఏం చెయ్యాలో ఇంకా తేలలేదు.

కాకినాడ లేత్

దాచే పద్ధతి చెప్తాను, సముద్రపు గాలిలో ఇనుముతో బతికేవాళ్ళం. తుప్పు పైపైన ఉంటే డీజిల్‌లో నానబెట్టి గోనెగుడ్డతో రుద్దండి. లోతుగా ఉంటే ఇనుప భాగం మాత్రం విప్పి ఒక రాత్రి వెనిగర్‌లో ఉంచి, పొద్దున వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టండి. ముద్ర మీద గట్టిగా రుద్దకండి. ఆరాక కుట్టుమిషన్ నూనె పలచగా పట్టించండి. కొబ్బరినూనె రాస్తుంటారు గానీ కొన్నాళ్ళకి జిగురు కట్టి దుమ్ము పట్టుకుంటుంది.

ప్లాస్టిక్ కవరులో చుట్టకండి, లోపల చెమ్మ పడుతుంది. న్యూస్ పేపరూ వద్దు, అది చెమ్మ పీల్చి ఇనుముకే అంటిస్తుంది. నూనె తడిపిన నూలుగుడ్డ మంచిది. పెట్టెలో కర్పూరం బిళ్ళలు నాలుగు వేసి, కరిగిపోయినప్పుడల్లా మళ్ళీ వెయ్యండి. రంపం పళ్ళకి పొడుగ్గా చీల్చిన వెదురు తొడగండి, పళ్ళూ దెబ్బతినవు, పిల్లల చేతులూ తెగవు. కొయ్య చిత్రికలకి అవిసెనూనె రాయండి. వాటిలో బ్లేడుని బిగించే చీలకొయ్య వదులు చేసి పెట్టడం మర్చిపోకండి. బిగించి వదిలేస్తే ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడికి దిమ్మ పగులుతుంది.

ఎర్రగడ్డ ఆదివారం

మేడమ్, స్టాన్లీ ఫోటోలు పెడితే మా చేతిపని గ్రూపులో అడుగుతాను. సొంతంగా బల్లలు చేసుకునే ఉద్యోగులు ముగ్గురు నలుగురు వెతుకుతున్నారు. 2,000కి తగ్గకండి.

పాతటేకు

ఆయన బాడిస, ఆయన మాటే చెల్లాలి. పడవ పనికి వెళ్తోందంటే నాకూ సంతోషం.

రంపం కొలిచి చెప్పమ్మా. పళ్ళు కూడా చూడు. పళ్ళన్నీ ఒకే వైపు వాలి ఉంటే అది దుంగని నిలువునా పలకలుగా కోసేది. ఆ పని ఇప్పుడు సామిల్లులో అయిపోతుంది, దానికి కొనేవాడు దొరకడం కష్టం. పళ్ళు రెండు వైపులా సమంగా కోసేలా ఉంటే అడ్డకోతది, చెట్లు కోసేవాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. రేకు ఎక్కడా మడత పడకుండా ఉండాలి. ఫోటో పెట్టు, మా వైపు రెండు మూడు చోట్ల అడిగి చూస్తాను.