పాత కవరు మీది స్టాంపు ఊడదీయాలా, ముద్రతో సహా ఉంచాలా?

నాగావళి_ఒడ్డు:
శ్రీకాకుళంలో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే తాతయ్య రేకు పెట్టె దొరికింది. నిండా ఉత్తరాలు, 1930ల నుంచి 60ల దాకా. స్టాంపులు సేకరించే స్నేహితుడొకడు చూసి, "కవర్లు నీళ్లలో నానబెట్టి స్టాంపులు తీసేయ్, మిగతాది చెదలకే కదా" అన్నాడు. నాకు చేతులు రావట్లేదు. మీరేమంటారు?

కోటవీధి_ఆల్బం:
మీ స్నేహితుడు చెప్పింది తప్పేం కాదండీ. విజయనగరంలో ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. గోరువెచ్చని నీళ్లలో పావుగంట ఉంచితే స్టాంపు దానంతటదే వదులుతుంది. కవర్లన్నీ దాచాలంటే బీరువాలు చాలవు. మా ఇంట్లో ఒక్క వానాకాలంలో రెండు కట్టలు బూజు పట్టి పోయాయి. ఆల్బంలో పెట్టినవి మాత్రం చెక్కుచెదరలేదు.

రిటైర్డ్_ఎస్‌పీఎం_బొబ్బిలి:
బాబూ, తొందరపడొద్దు. ముందు ఒక్క కవరు తీసి వెలుతురులో చూడు. గుండ్రటి ముద్ర సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడి ఉంటుంది. స్టాంపు ఊడదీశావంటే ఊరి పేరు రెండు ముక్కలైపోతుంది. శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువాళ్ల కాలంలో చికాకోల్ అనేవాళ్లు కదా. "చికా" ఆల్బంలోకి, "కోల్" చెత్తబుట్టలోకి.

మేం పొద్దున్నే పోస్టాఫీసు తెరవగానే చేసే మొదటి పని ముద్రలో తేదీ అచ్చులు మార్చడం. మార్చాక ముందు పుస్తకంలో ఒక ముద్ర కొట్టి, తేదీ సరిగ్గా పడిందో లేదో చూసుకునేవాళ్లం. ఆ తర్వాతే ఉత్తరాల మీద. అంత జాగ్రత్త ఎందుకంటే ముద్ర పుట్టిందే జవాబుదారీ కోసం. ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయని జనం గోల పెడితే, ఇంగ్లండులో హెన్రీ బిషప్ అనే పోస్టుమాస్టర్ జనరల్ 1661లో నెల, తేదీ ఉండే చిన్న ముద్ర పెట్టించాడు. ఇక ఏ ఉత్తరాన్నీ ఎవరూ దాచి ఉంచలేరన్నది ఆయన ధీమా. మొదటి స్టాంపు వచ్చింది 1840లో. అంటే స్టాంపు కన్నా ముద్ర 179 ఏళ్లు పెద్దది. పెద్దదాన్ని పారేసి చిన్నదాన్ని దాచుకుంటామా?

ఇంకోటి. స్టాంపు లేకుండా వచ్చే బేరంగు ఉత్తరాలుండేవి, తీసుకునేవాళ్లు రెట్టింపు కట్టేవాళ్లు. వాటి మీద ముద్రలు తప్ప ఇంకేమీ ఉండదు. స్టాంపు కోసమే వెతికేవాళ్ల చేతిలో పడితే అవి నేరుగా పొయ్యిలోకే.

సాలూరు_చరిత్ర:
మాస్టారి మాటకే నా ఓటు. చిరునామాలు కూడా చూడండి. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా చికాకోల్ గంజాం జిల్లాలో ఉండేది. తర్వాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. కదలకుండా ఉన్న ఒకే ఊరు మూడు జిల్లాలు మారిన సంగతి మీ పెట్టెలో కవర్ల మీదే కనబడొచ్చు. ఒక్క స్టాంపులో అది దొరకదు.

కోటవీధి_ఆల్బం:
అరుదైన ముద్ర ఉంటే నేనూ కవరు ముట్టుకోను. కానీ 1960ల నాటి మామూలు కవరుకి కూడా ఇంత ఆరాటమా? పైగా ముద్ర తేదీని గుడ్డిగా నమ్మలేం. ఆదివారం రాసి డబ్బాలో వేస్తే సోమవారం ముద్ర పడుతుంది.

రిటైర్డ్_ఎస్‌పీఎం_బొబ్బిలి:
నిజమే. అది రాసిన తేదీ కాదు, మా చేతికొచ్చిన తేదీ. అందుకే కవరు తిప్పి వెనక కూడా చూడాలి. చేరిన ఊళ్లో కొట్టిన ముద్ర అక్కడుంటుంది. రెండూ కలిపి చదివితే ప్రయాణమంతా తెలిసిపోతుంది. దాచేటప్పుడు గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు తీసెయ్. లామినేషన్ మాత్రం చేయించొద్దు బాబూ, మళ్లీ ఊడిరాదు.

నాగావళి_ఒడ్డు:
మాస్టారూ, మీరన్నట్టే రాత్రి కవర్లన్నీ తిప్పి చూశాను. ఒకదాని దగ్గర ఆగిపోయాను.

1958లో మా నాన్నగారి మేనత్త తన కూతురి పెళ్లికి శుభలేఖ పంపితే మావాళ్లెవరూ వెళ్లలేదు. అందలేదని తాతయ్య చెబితే ఆవిడ నమ్మలేదు. రెండిళ్ల మధ్య పదేళ్లు మాటల్లేవు. ఆ శుభలేఖ కవరు ఇదే. ముహూర్తం ఏప్రిల్ 24. ముందువైపు ముద్ర 17. వెనక, కొంచెం అలుక్కుపోయినా, 26 అని తెలుస్తోంది.

స్టాంపు అలాగే ఉంది. ఆవిడ మనవడు పార్వతీపురంలో ఉంటాడు. ఆదివారం ఈ కవరు పట్టుకుని వాళ్లింటికి వెళ్తున్నాను.