రంప పితూరీని (తిరుగుబాటుని) అణిచింది రూథర్‌ఫర్డా, గుడాలా?

మన్యం_కుర్రాడు:
సినిమా చూసి పెరిగినవాళ్లం కదా, మా ఇంట్లో అందరి లెక్కలో అల్లూరిని చంపించింది రూథర్‌ఫర్డే. మొన్న ఎక్కడో మేజర్ గుడాల్, అస్సాం రైఫిల్స్ అని చదివాను. అస్సాం నుంచి మన మన్యానికి సైన్యం రావడమేంటి, ఇక్కడ పోలీసులు లేరా? కొండవాళ్ల విల్లంబుల మీద గెలవడానికి దాదాపు రెండేళ్లు ఎందుకు పట్టింది?

పాతకాగితాలు:
రూథర్‌ఫర్డ్ మిలిటరీ మనిషి కాదండీ, ఐసీఎస్ (సివిల్ సర్వీసు) అధికారి. ఆయన్ని స్పెషల్ కమిషనర్‌గా వేసేసరికి 1924 వచ్చేసింది, అప్పటికే పితూరీ చాలావరకు బలహీనపడింది. ఇక విల్లంబులొక్కటే అనుకోకండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులూ మందుగుండూ పట్టుకుపోయారు. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో కాపు కాసి, ముందు నడుస్తున్న మన కానిస్టేబుళ్లను వదిలేసి, వెనకొచ్చిన కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలనే కాల్చారు. అక్కడితో జిల్లా పోలీసులకు ధైర్యం పోయింది. మలబార్ స్పెషల్ పోలీసులు వచ్చారు, తర్వాత 1924 మొదట్లో కొండల్లో, అడవుల్లో తిరగడం అలవాటున్న అస్సాం రైఫిల్స్‌ని దింపారు.

గూడెం_గాలి:
సైన్యం గొప్పతనం అంటే నేను ఒప్పుకోను. ఎదురుపడి పోరాడింది తక్కువ, ఆకలితో లొంగదీసింది ఎక్కువ. ఊళ్లలోకి బలగాలు పెట్టి, తిండిగింజలు అడవిలోకి పోకుండా కాపలా కాసి, ముఠాదారుల్ని (కొండ ఊళ్ల పెద్దల్ని) బెదిరించి, రాజు తలకు 10,000 వెల కట్టారు. పోడు మీద ఆంక్షలు, గూడెంలో డిప్యూటీ తహశీల్దార్ బాస్టియన్ రోడ్డు పనికి కూలి ఎగ్గొట్టడం, వీటితో విసిగి రాజు వెంట నడిచిన జనమే కదా వాళ్లు, అయినా పిల్లలు పస్తులుంటే ఎవరు మాత్రం ఎన్నాళ్లు దాచగలరు?

మన్యం_కుర్రాడు:
మరి చివరికి కాల్చింది ఎవరు?

పాతకాగితాలు:
1924 మే 7న మంప దగ్గర దొరికాడు. కొయ్యూరులో ఉన్న గుడాల్ దగ్గరికి తీసుకెళ్లారు, అక్కడే కాల్చేశారు. పారిపోబోతే కాల్చామని సర్కారు మాట. చేతికి చిక్కిన మనిషిని, చుట్టూ అంతమంది బలగం ఉండగా, విచారణ లేకుండా చంపినవాళ్లు చెప్పిన మాట అది, నేనైతే నమ్మను.

గూడెం_గాలి:
రాజు ముఖ్య అనుచరుడు గంటం దొర ఆ తర్వాత జూన్‌లో పోయాడు. తమ్ముడు మల్లు దొర అంతకుముందే పట్టుబడి జైలుకెళ్లి, బతికి బయటపడి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్లాడు. స్కూల్లో ఇది ఎందుకు చెప్పరో మరి. అటు వెళ్తే గుర్తుపెట్టుకో, సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. జిల్లాకేమో ఆయన పేరు పెట్టారు, ఆ ఊరు మాత్రం అనకాపల్లి జిల్లాలోకి పోయింది.