శిక్షణ పథకాల వల్లే ఉద్యోగాలు వస్తున్నాయని ఎలా తేల్చాలి?

కంచరపాలెం కుర్రాడు:
నిరుడు మా తమ్ముడు ఒక ప్రభుత్వ పథకం కింద మూడు నెలలు వెల్డింగ్ నేర్చుకున్నాడు. ఆఖర్లో జాబ్ మేళా పెట్టి, ఆఫర్ లెటర్ చేతికిచ్చి, ఫ్లెక్సీ ముందు నిలబెట్టి ఫోటో తీశారు. అచ్యుతాపురంలో చేరాడు. రానూపోనూ ఛార్జీలు, నైట్ షిఫ్టులు పడక నలభై రోజులకే మానేశాడు. శిక్షణ ఇచ్చినవాళ్ల లెక్కలో మాత్రం ఇప్పటికీ ఉద్యోగం వచ్చినవాడే. ఈ లెక్క చూసి పథకం పనిచేస్తోందని ఎలా నమ్మాలి?

ఎంవీపీ లెక్కల మాస్టారు:
నీ బాధ న్యాయమైనదే బాబూ. కానీ ఎన్నాళ్లు నిలిచాడన్నది సగం ప్రశ్నే. శిక్షణ లేకపోతే వాళ్లలో ఎంతమందికి పని దొరికేది? పల్లె కుర్రాళ్లకి కేంద్రం శిక్షణ ఇప్పించే దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజనలో 70 శాతం మందికి ఉద్యోగం చూపాలని నిబంధన. అలాంటి కుర్రాళ్లే శిక్షణ లేకుండా వందకు 65 మంది సొంతంగా పని వెతుక్కుంటారనుకో, పథకం మేలు చేసింది ఐదుగురికే.

పోనీ, చేరకముందు జీతం, తర్వాత జీతం పోలుద్దామా? అదీ తప్పుతుంది. శిక్షణలో చేరేవాళ్ల ఆదాయం సరిగ్గా చేరేముందే పడిపోతుందని 1978లో అమెరికా ఆర్థికవేత్త ఆషెన్‌ఫెల్టర్ చూపించాడు. పని పోయినవాడే కదా అక్కడికొస్తాడు! ఎలాగూ కొంత కోలుకుంటాడు, ఆ పేరు శిక్షణకి దక్కుతుంది. అందుకే సీట్లకు మించి దరఖాస్తులొస్తే లాటరీ తీయాలి. సీటొచ్చినవాళ్లనీ రానివాళ్లనీ ఏడాది తర్వాత పీఎఫ్ జమలు చూసి పోల్చాలి.

ఆటోనగర్ షెడ్డు:
మాస్టారూ, మా దగ్గర కూలి చేతికే ఇస్తాం, పీఎఫ్ ఎక్కడిది? భర్త పోయి పిల్లల్ని సాకే ఆడమనిషికి లాటరీలో సీటు రాకపోతే ఏం చెబుతారు? ఇంకో మాట. షెడ్డులో ఖాళీ ఒక్కటే. సర్టిఫికెట్ ఉన్నవాణ్ని పెట్టుకుంటే, ఆ పని కోసం ఎదురుచూసే ఇంకొకడు బయటే.

ఎంవీపీ లెక్కల మాస్టారు:
పీఎఫ్ సంగతి ఒప్పుకుంటాను, ఇంటికెళ్లి అడగాల్సిందే. ఒకడికి దొరికితే ఇంకొకడికి పోవడం కూడా నిజమే. శిక్షణ కాదుగానీ, ఉద్యోగం వెతుక్కోవడంలో కుర్రాళ్లకి సాయం చేసి చూసే ప్రయోగం ఫ్రాన్స్‌లో 235 ప్రాంతాల్లో చేస్తే అదే తేలింది. 2013లో అచ్చయింది. లాటరీ దగ్గర మాత్రం తగ్గను. ఆ తల్లిలాంటివాళ్లకి ముందే ఇచ్చేసి, మిగతా సీట్లకే తీయండి. ఇప్పుడు మాత్రం సీటు అందరికీ వస్తోందా? తెలిసినవాళ్లున్నవాడికి ముందు వస్తోంది.

కంచరపాలెం కుర్రాడు:
ఏం చేస్తున్నావని అడగడానికి మా తమ్ముడికి ఆ పథకం వాళ్ల నుంచి ఇంతవరకు ఒక్క ఫోనూ రాలేదు. ఇప్పుడు విశాఖలోనే సింధియా ప్రాంతంలో ఒక కాంట్రాక్టరు కింద వెల్డింగ్ చేస్తున్నాడు. "పని ఇప్పించింది బావ, రాడ్డు పట్టడం నేర్పింది ఆ మూడు నెలలు" అంటాడు. వీణ్ని ఏ లెక్కలో రాస్తారు మాస్టారూ?