మ్యాప్‌లో పిన్నుల రంగులు: కట్టడం రకాన్ని బట్టి పెట్టాలా, రక్షణను బట్టి పెట్టాలా?

గుట్టలబాట:
మనందరం కలిసి గూగుల్ మై మ్యాప్స్‌లో చేస్తున్న పాత కట్టడాల మ్యాప్ ఇప్పుడు తెరిస్తే ఏది ఏమిటో అర్థం కావడం లేదు. ఎవరికి తోచిన రంగు వాళ్ళు పెట్టారు. ఫణిగిరి ఊదా, ధూళికట్ట పసుపు, భట్టిప్రోలు నీలం. మూడూ స్థూపాలే కదా! అన్నీ ఒక పద్ధతిలోకి తెద్దామనుకుంటున్నాను. నా ప్రతిపాదన ఇది: రంగు చూడగానే రక్షణ తెలియాలి. కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంటే ఆకుపచ్చ, రాష్ట్ర శాఖ కింద ఉంటే నీలం, ఎవరికీ పట్టకుండా పడి ఉంటే ఎరుపు. షీట్‌లో ‘రక్షణ’ అని ఒక కాలమ్ పెట్టి, దాన్ని బట్టి రంగు పడేలా సెట్ చేస్తే ఒక్కో పిన్ను పట్టుకుని మార్చే బాధ ఉండదు. అభ్యంతరాలుంటే ఆదివారం లోపు చెప్పండి.

కృష్ణాతీరం:
నేను ఒప్పుకోను. మ్యాప్ తెరిచినవాళ్ళు ముందు చూసేది అక్కడ ఏముంది అనేది. స్థూపమా, గుహా, గుడా, వీరగల్లా (చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన చెక్కుడు రాయి), రాకాసి గూడా (పెద్ద రాళ్ళతో కట్టిన పురాతన సమాధి). ఏ శాఖ కింద ఉందో తెలుసుకుని మా బడి పిల్లలు ఏం చేసుకుంటారు? నేను వాళ్ళకి ప్రొజెక్టర్ మీద ఈ మ్యాపే చూపిస్తాను. బౌద్ధ స్థలాలన్నీ ఒక రంగులో ఉంటే కృష్ణ ఒడ్డున జగ్గయ్యపేట, అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల వరసగా నది వెంట దిగుతూ కనబడతాయి. పాఠం మొత్తం ఆ వరసలోనే ఉంది. మీ పద్ధతిలో పెడితే ఆ వరస ముక్కలైపోతుంది.

మూసీ:
జిల్లాల వారీగా రంగులు పెడితే పోలా?

గుట్టలబాట:
తమ్ముడూ, తెలంగాణలోనే 33 జిల్లాలు. కంటికి తేడా తెలిసే రంగులు అన్ని ఎక్కడున్నాయి? పైగా ఒక మ్యాప్‌కి పది లేయర్లే ఇస్తాడు. జిల్లాలు స్థిరంగా ఉంటాయా అంటే అదీ లేదు, ఇక్కడ 2016లో మారాయి, ఆంధ్రలో 2022లో మారాయి, మారిన ప్రతిసారీ ఎవరు కూర్చుని దిద్దుతారు.
@కృష్ణాతీరం మేడం, శాఖ పేరు పిల్లలకు అక్కరలేదు, ఒప్పుకుంటాను. కానీ కేంద్ర రక్షణ ఉంటే 2010 చట్ట సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లు నిర్మాణాలు నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లు అనుమతి ఉంటేనే. పొలంలో పడి ఉన్న వీరగల్లుకి అంత అండ ఎక్కడిది? ఏది ఉంటుంది, ఏది పోతుంది అని ఈ మ్యాప్ చెప్పాలి.

కళింగాంధ్ర:
రకాన్ని బట్టి అనేది మా వైపు కుదరదండీ. అనకాపల్లి దగ్గర శంకరం తీసుకోండి, బొజ్జన్నకొండ మీద తొలిచిన గుహలున్నాయి, ఇటుక స్థూపం ఉంది, పక్కన లింగాలకొండ నిండా కొండరాతిలోనే చెక్కిన చిన్న చిన్న స్థూపాలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఏ రంగు పెడతారు? శాలిహుండం కూడా అంతే, స్థూపం, చైత్యగృహం (ప్రార్థన మందిరం), విహారం (భిక్షువుల నివాసం) అన్నీ ఒకే కొండ మీద. ఒక్కో దానికి ఒక్కో పిన్ను పెడితే జూమ్ తగ్గించగానే ఒకదాని మీద ఒకటి పడి కనబడవు.

కృష్ణాతీరం:
అలాంటి చోట్ల ‘బౌద్ధ సముదాయం’ అని ఒకే రంగు పెట్టొచ్చు. అది పెద్ద చిక్కేం కాదు.

కళింగాంధ్ర:
మరి ఉండవల్లి? అక్కడ అనంతశయనుడు ఉన్నాడు. బౌద్ధంలో వేస్తారా, గుహల్లో వేస్తారా, గుళ్ళలో వేస్తారా?

డేటాబాబు:
మీరంతా ఎరుపు, ఆకుపచ్చ అని కొట్టుకుంటున్నారు, నాకు ఆ రెండూ ఒకేలా కనబడతాయి. ఈ వర్ణాంధత్వం ఎక్స్ క్రోమోజోమ్‌లో వస్తుంది కాబట్టి మగవాళ్ళలో ఎక్కువ, ఈ గ్రూపులో నేనొక్కడినే అయి ఉండను. ఇదివరకు ఒక ఆఫీసులో డ్యాష్‌బోర్డ్ మొత్తం ఈ రెండు రంగుల్లోనే పెట్టి, నేను అడిగితే అలవాటు చేసుకోమన్నారు. ఇక్కడ కూడా అదే జరిగితే నేను ఎంట్రీలు చేయడం మానేస్తాను.
పరిష్కారం చెబుతున్నాను, వినండి. రకానికి ఒక లేయర్, ఆ లేయర్‌కి ఒక గుర్తు. లేయర్ లోపల రంగు రక్షణ కాలమ్‌ని బట్టి. అంటే బొమ్మ చూస్తే ఏమిటో తెలుస్తుంది, రంగు చూస్తే ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. ఆకుపచ్చ తీసేసి ముదురు నీలం, నారింజ, నలుపు వాడండి. శాటిలైట్ వ్యూలో చెట్ల మీద ఆకుపచ్చ పిన్ను మామూలు కళ్ళకి కూడా ఆనదు. బడిలో నలుపు తెలుపు ప్రింట్ తీసినా గుర్తులు నిలుస్తాయి.

గుట్టలబాట:
ఇది బాగుంది. రంగులు మారుద్దాం, నాకు ఇబ్బంది లేదు.

మూసీ:
నాగార్జునకొండ పిన్ను ఎక్కడ పెట్టాలి? ఇప్పుడు నీళ్ళ మధ్యలో ఉంది, ఎవరో తప్పు పెట్టారు.

కళింగాంధ్ర:
తప్పు కాదు. అసలు స్థలం అదే, సాగర్ కింద ఉంది. డ్యామ్‌కి 1955లో శంకుస్థాపన జరిగింది, అప్పటికే ముందు సంవత్సరం నుంచి లోయలో తవ్వకాలు నడుస్తున్నాయి, 1960 దాకా తవ్వి దొరికినంత బయటికి తెచ్చారు. కొన్ని కట్టడాలను ఇప్పుడు దీవిలా మిగిలిన కొండ మీద, కొన్నిటిని ఒడ్డున అనుపులో మళ్ళీ నిలబెట్టారు.

గుట్టలబాట:
మనుషులు వెళ్ళగలిగే చోట పిన్ను ఉండాలి. నీళ్ళలో పిన్ను చూసి పిల్లలు నవ్వుతారు.

కృష్ణాతీరం:
నవ్వరు. అడుగుతారు. అడగాలనే నీళ్ళలో ఉండాలి. ఆలంపూర్‌లో సంగమేశ్వరాలయం కూడా శ్రీశైలం ప్రాజెక్టు వల్ల కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చిందే, దానికి మాత్రం పాత చోటు పిన్ను లేదు. రెండూ పెట్టి గీత కలపండి.

డేటాబాబు:
గీత గీయొచ్చు, మై మ్యాప్స్‌లో ఆ సదుపాయం ఉంది. ఇక అందరికీ ఒప్పుకోలు అయితే నేను షీట్ దిద్దడం మొదలుపెడతాను.

కృష్ణాతీరం:
లేయర్లు సరే, గుర్తులు సరే. ‘రక్షణ లేదు’ అనే రంగు మాత్రం వద్దు. ఎరుపైనా వద్దు, నారింజైనా వద్దు.

గుట్టలబాట:
మేడం, రకం కావాలన్నారు, ఇచ్చాం. వరస కావాలన్నారు, అదీ కనబడుతుంది. ఇంకా వద్దు అంటున్నారంటే నేను మొదలుపెట్టిన పద్ధతి కాబట్టి వద్దంటున్నారని అనుకోవాలా? ఎండల్లో గుట్టలెక్కి జీపీఎస్ తీసుకుని ఆ రక్షణ లేనివాటి వివరాలు నింపింది నేను. అవి తీసేయమంటే ఊరుకోను.

కృష్ణాతీరం:
మీ కష్టాన్ని నేనేం కాదనలేదు. పద్ధతి ఎవరిదనే గొడవా కాదు. మా ఊరి చెరువుగట్టు కింద ఒక వీరగల్లు ఉండేది, మూడు అంతస్తులుగా చెక్కింది, కింద యుద్ధం, నడుమ వీరుణ్ణి మోసుకెళ్ళే అప్సరసలు, పైన లింగం. ఎవరో యూట్యూబ్ వాళ్ళు వచ్చి వీడియో తీసి లొకేషన్ పెట్టారు, దీని కింద నిధి ఉందని నోటికొచ్చింది చెప్పారు. కొన్ని వారాలకే ఒక రాత్రి తవ్వేశారు. రాయి రెండు ముక్కలై గుంత పక్కన పడి ఉంది, గుంతలో నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. నా చిన్నప్పుడు మా నాయనమ్మ పండగ పండక్కీ ఆ రాతికి దీపం పెట్టేది. నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలని 1878 నుంచి చట్టం ఉంది, రాత్రిపూట గడ్డపార తెచ్చేవాడికి అది గుర్తుంటుందా? ఇప్పుడు మీరు చేస్తున్నది ఏమిటి, కాపలా లేనివన్నీ ఏరి, ఒక్క రంగు వేసి, పదకొండు మీటర్ల తేడాతో చూపిస్తున్నారు. తవ్వేవాడు వెతుక్కునే పని కూడా లేకుండా.

మూసీ:
ఇది ముందే చెప్పాల్సింది మేడం.

గుట్టలబాట:
బాధగానే ఉంది. కానీ నా మాటా వినండి. మా మండలంలో రోడ్డు పక్కన రాతి మండపం ఉండేది, పదహారు స్తంభాలు. రోడ్డు వెడల్పు చేస్తూ ఒక్క పూటలో లేపేశారు. నేను అర్జీ పట్టుకుని వెళితే, అక్కడ మండపం ఉన్నట్టు రికార్డు చూపించమన్నారు. ఏ జాబితాలోనూ లేదు, ఏ మ్యాప్‌లోనూ లేదు, నా ఫోన్‌లో ఫొటో కూడా లేదు. లేనిదాన్ని కూల్చామని ఎలా అంటావ్ అన్నారు. దాచిపెట్టి ఏం కాపాడుకున్నట్టు? తవ్వేవాళ్ళకి ఊళ్ళో మనుషులే చెబుతారు, మ్యాప్ అక్కర్లేదు. మ్యాప్ కావాల్సింది ఆఫీసుల్లో టేబుల్ మీద పెట్టడానికి.

కృష్ణాతీరం:
ఆఫీసులో పెట్టడానికైతే లోకానికంతా లింక్ ఎందుకు?

గుట్టలబాట:
లోకానికి తెలిస్తేనే ఆఫీసు కదులుతుంది కాబట్టి. ఫణిగిరి శిల్పాల ఫొటోలు అందరూ చూశాకే కదా అందరూ దాని గురించి మాట్లాడుతున్నది.

డేటాబాబు:
ఫణిగిరిది వేరే కథ, అది తవ్వకాలు జరిగిన రక్షిత స్థలం. ఇక్కడ టెక్నికల్ సంగతి ఒకటి అందరూ గమనించాలి. మై మ్యాప్స్‌లో లేయర్‌కి వేరుగా తాళం లేదు. షేరింగ్ మ్యాప్ మొత్తానికే. మీరు టిక్ తీసేసినా లింక్ ఉన్నవాడు మళ్ళీ పెట్టుకుంటాడు, కేఎంఎల్ (మ్యాప్ డేటా ఫైలు) దింపుకోనిస్తే అన్ని లేయర్లూ అందులోనే వస్తాయి. కాబట్టి దాచాలంటే వేరే మ్యాప్ ఉండాలి.
రెండో దారి, అక్షాంశ రేఖాంశాల్లో అంకెలు తగ్గించడం. దశాంశం తర్వాత నాలుగు అంకెలుంటే పదకొండు మీటర్లు, రెండే ఉంటే కిలోమీటరు పైన. జనం చూసిన మొక్కలు, జంతువులు నమోదు చేసే ఐనేచురలిస్ట్ సైటులో అంతరించిపోయే జీవాలకు ఇలాంటిదే చేస్తారు, 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పెడతారు, అసలు చోటు చూసే అనుమతి కొందరికే.

కళింగాంధ్ర:
కిలోమీటరు అంటే ఊరు తెలిసిపోతుంది. ఊరు తెలిస్తే రాయి తెలిసినట్టే, గొర్రెల కాపరిని అడిగితే చూపిస్తాడు.

కృష్ణాతీరం:
అవును. గుళ్ళకి, ఊరి మధ్యలో ఉన్నవాటికి చోటు చూపించండి, కాపలాగా మనుషులున్నారు. పొలాల్లో, అడవుల్లో ఒంటరిగా ఉన్న వీరగల్లులు, రాకాసి గూళ్ళు మాత్రం బయటి మ్యాప్‌లో వద్దు.

గుట్టలబాట:
ఊరి మధ్యలో ఉందనే మా మండపం పోయింది మేడం. అడవిలో ఉంటే ఇప్పటికీ ఉండేది.

మూసీ:
ఓటింగ్ పెడదామా అన్నా?

గుట్టలబాట:
దీనికి ఓటింగ్ ఏంటి. సరే, ప్రస్తుతానికి ఇలా చేస్తాను. రక్షణ లేనివన్నీ వేరే మ్యాప్‌లోకి తీసి, పేర్లు ఇచ్చిన సభ్యుల మెయిల్ ఐడీలకే షేర్ చేస్తాను, ఫొటో, తేదీ, కొలతలతో ప్రింట్ తీసి జిల్లా ఆఫీసుల్లో ఇస్తాను. ఆరు నెలల్లో ఏ కదలికా లేకపోతే మా మండలానివి మాత్రం బయట పెడతాను, అంకెలేవీ తగ్గించకుండా.

కృష్ణాతీరం:
పెట్టేముందు ఆ ఊరి వాళ్ళని అడగండి. షీట్‌లో ఉన్న మా జిల్లా ఎంట్రీలకి నా అనుమతి లేదు. అవి షీట్ నుంచి ఇవాళే తీసి నా దగ్గర పెట్టుకుంటున్నాను.

డేటాబాబు:
తీసేముందు కాపీ చేసుకోండి మేడం, కొలతల కాలమ్ ఇంకెక్కడా లేదు.