అమ్మకి తుంటి ఆపరేషన్ అయి పది రోజులు, నడుం కింద కందిపోయింది, బెడ్ సోరేనా?

మారతహళ్లి అమ్మాయి:
అమ్మకి 74, షుగర్ ఉంది. రాత్రి బాత్రూమ్‌లో జారి పడి తెల్లారేదాకా నేల మీదే ఉండిపోయింది, మా నిద్ర చెడగొట్టడం ఎందుకని పిలవలేదంట. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, ఇంటికి తెచ్చాం. నిన్న ఒళ్లు తుడుస్తుంటే పిర్రల పైన ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రగా కందిపోయి ఉంది, వేలితో నొక్కినా తెల్లబడట్లేదు. కుడి మడమ కూడా కొంచెం నల్లబడింది. డిశ్చార్జ్ అప్పుడు మందుల గురించి తప్ప పక్క తిప్పాలని ఒక్కళ్లూ చెప్పలేదు. పక్కింటావిడేమో గాలి రింగ్ కొనండి, పౌడర్ వేసి బాగా రుద్దండి అంటున్నారు. చెయ్యొచ్చా?

నర్స్, చెన్నై:
రుద్దొద్దమ్మా, అస్సలొద్దు. నొక్కినా తెల్లబడట్లేదంటే మొదటి స్టేజ్ బెడ్ సోరే, చర్మం చిట్లలేదు కాబట్టి ఇంకా ఆపొచ్చు. రుద్దితే లోపల నలిగిన కండ ఇంకా దెబ్బతింటుంది. రింగ్ పెడితే చుట్టూ ఒత్తేసి మధ్యలోకి రక్తం సరిగ్గా రాదు. రెండు గంటలకోసారి పక్క మార్చండి, పూర్తిగా తుంటి మీదకి కాదు, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు ఒరిగితే చాలు. ఆపరేషన్ వైపు ఎంత తిప్పొచ్చో సర్జన్‌ని అడగండి. దిండు మడమ కింద కాదు, పిక్కల కింద పెట్టాలి, మడమకీ పరుపుకీ మధ్య కాగితం దూరేంత ఖాళీ ఉండాలి. షుగర్ మనిషికి మడమ నల్లబడిందంటే రేపే డాక్టర్‌కి చూపించండి, వాయిదా వెయ్యకండి.

కేఆర్ పురం:
మా నాన్నకి ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని తిప్పడం మానేశాం, అదే మేం చేసిన తప్పు, పుండు లోపలికి దిగిపోయి మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పాల్సిందే. ఇంకోటి, అన్నం పెట్టాక తల ఎత్తుగా ఉంచి వదిలేస్తే మనిషి కిందకి జారుతూ ఉంటారు, ఆ ఒరిపిడికే చర్మం లేచిపోతుంది. పైకి జరపాలంటే చంకలు పట్టి లాగకుండా ఇద్దరు దుప్పటి పట్టుకుని ఎత్తండి. డైపర్ తడి అస్సలు ఉండనివ్వకండి. గుడ్డు, పప్పు రోజూ పెట్టండి, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగి.

మారతహళ్లి అమ్మాయి:
చాలా థాంక్స్ అండీ. ఫోన్‌లో అలారాలు పెట్టేశా, రాత్రి తమ్ముడూ నేనూ వంతులు. ఈసారి మొహమాటపడకుండా పిలవమని పూజ గంట అమ్మ చేతికి అందేలా పెట్టా. కుర్చీలో కూర్చోబెడితే పర్లేదా?

నర్స్, చెన్నై:
కూర్చోబెట్టండి, కానీ ఒంటి బరువంతా పిర్రల మీదే పడుతుంది కదా, ఒకేసారి గంట దాటనివ్వకండి, మధ్యలో ఫిజియో నేర్పినట్టు లేపి నిలబెట్టండి.