మిషన్ ఆసుపత్రులు కలిసి ఉద్దానంలో పెద్దాసుపత్రి కట్టలేవా?

నాగావళి (శ్రీకాకుళం):
ఆస్ట్రేలియా నుంచి 1920లో గుంటూరు వచ్చిన డాక్టర్ మేరీ గ్లౌరీ, సన్యాసినులు వైద్యం చేయరాదని చర్చి నియమం ఉన్న రోజుల్లో పోప్ ప్రత్యేక అనుమతితో జేఎంజే (జీసస్, మేరీ, జోసెఫ్) అనే సన్యాసినుల సభలో ఉంటూనే వైద్యం చేశారు. ఆ నిషేధాన్ని రోమ్ 1936లో సడలించింది. 1943లో ఆమె స్థాపించిన క్యాథలిక్ ఆసుపత్రుల సంఘంలో నేడు మూడు వేలకు పైగా సంస్థలున్నాయి. అంత బలమున్న సంఘం కిడ్నీ రోగులతో నిండిన ఉద్దానానికి రావాలన్నదే నా వాదన.

గంటస్తంభం (విజయనగరం):
సంఘం వేరు, యాజమాన్యం వేరు. ఒక్కో ఆసుపత్రి ఒక్కో సన్యాసినుల సభదో, మేత్రాసనానిదో (అంటే ఒక బిషప్పు పరిధిదో). ఒకరి నిధులు మరొకరికి వెళ్లవు.

నాగావళి:
బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలను 1963లో బిషప్పులందరూ కలిసే ప్రారంభించారు కదండీ!

గంటస్తంభం:
అది బిషప్పుల సమాఖ్య పని. మీరు అడుగుతున్నది సంఘాన్ని.

కొబ్బరితోట (సోంపేట):
యాజమాన్యం ఎవరిదైతే మాకేమిటండీ? మా నాన్నగారిని ఒక మిషన్ ఆసుపత్రికి తీసుకెళితే, అడ్వాన్సు కట్టేవరకు బల్ల మీదే కూర్చోబెట్టారు. సేవ అంటే ఇదేనా?

చంపావతి:
కిడ్నీ రోగుల కోసమే ఉద్దానంలోని పలాసలో 2023లో ప్రభుత్వమే 200 పడకల ఆసుపత్రి తెరిచింది.

గంటస్తంభం:
కొబ్బరితోట గారూ, మిషన్ ఆసుపత్రికి లాభాపేక్ష లేదంటే ఉచితమని అర్థం కాదు. మిగిలిన సొమ్మును ఎవరూ పంచుకోరాదు, అంతే.

కొబ్బరితోట:
ఉచితంగా చూడమని నేనెక్కడ రాశాను? చెయ్యి పట్టి నాడి చూశాక డబ్బు అడగమన్నాను. ఆ రోజు ఆ బల్ల దగ్గర మీరు లేరు కాబట్టే ఇంత తేలిగ్గా నిర్వచనాలు చెబుతున్నారు.

గంటస్తంభం:
నేను లేను, కానీ మా చెల్లెలు అలాంటి ఆసుపత్రిలోనే నర్సు. రోగులు కట్టకుండా వెళ్లిన బిల్లుల వల్ల ఆమెకు రెండు నెలల జీతం ఆగింది. గ్లౌరీ గారి కాలంలో ఆసుపత్రులు పెరిగింది పేదరిక వ్రతం పట్టిన సిస్టర్ల కష్టం మీద, వారికి జీతం ప్రశ్నే లేదు. మా చెల్లెలికి ఇంటి అద్దె ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. పేదవాడి ఖర్చు ఎవరు మోయాలో చెప్పకుండా పెద్దాసుపత్రి కట్టమంటే, ఆ బరువు మళ్లీ ఆమె మీదే పడుతుంది.

కొబ్బరితోట:
మీ చెల్లెలి జీతం ఆగడం అన్యాయమే, ఒప్పుకుంటాను. ఆ లోటు మా నాన్నగారి అడ్వాన్సుతో పూడ్చాలనడాన్ని మాత్రం ఒప్పుకోను.

నాగావళి:
అయితే దాతల నిధిని ముందు సమకూర్చి, పునాది తరువాత వేయాలి. నా మొదటి పోస్టులో ఆ మాట లేదు.